మూడో రోజు పళ్లు, పదో ఏటి లెక్క

మా పెదనాయనది చిల్లకూరు. నలభై ఏళ్లు గూడూరు నిమ్మకాయల మార్కెట్టుకు సరుకు తోలిన మనిషి. కింది పళ్లు ఒకదాని తర్వాత ఒకటి అన్నీ పోయాయి. కట్టుడు పళ్ల సెట్టు చొక్కా జేబులో ఉంటుందే కానీ నోట్లో నిలవదు. దవడ ఎముక అరిగి సన్నబడిపోయింది, మాట్లాడుతుంటే సెట్టు లేచి వస్తుంది, మురుకు కొరికితే పక్కకు జారుతుంది. ఒకరోజు హైవే పక్కన బోర్డు చూసి వచ్చి నన్నడిగాడు: "అబ్బయా, స్క్రూలు బిగించి మూడో రోజుకు పళ్లు పెట్టి పంపిస్తారంట. బాగానే ఉంది. పదేళ్లకు ఉంటాయా అవి? అది చెప్పు నువ్వు."

నేను పళ్ల డాక్టరును కాను, ఆరోగ్య విషయాలు చదివి రాసేవాణ్ణి. ఆయన ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే, దంతవైద్య ప్రపంచం నలభై ఏళ్లకు పైగా వాదించుకుంటున్నది సరిగ్గా దీని మీదేనని తెలిసింది. టైటానియం ఇంప్లాంటు బిగించిన వెంటనే దాని మీద పన్ను పెట్టి బరువు మోపితే, పదేళ్లకు, ఇరవై ఏళ్లకు ఏమవుతుంది?

ముందు మాటల అర్థం తేల్చుకుందాం. ఇంప్లాంటు పెట్టిన వారం లోపు దాని మీద పళ్లు అమరిస్తే డాక్టర్లు ఇమ్మీడియెట్ లోడింగ్ అంటారు. వారం నుంచి రెండు నెలల మధ్య అయితే ఎర్లీ లోడింగ్. రెండు నెలలు దాటాక పెట్టేది పాత పద్ధతి. బోర్డు మీది మూడు రోజులు మొదటి కోవలోకి వస్తాయి.

పాత పద్ధతిలో అంతకాలం ఎందుకు ఆగేవారు? స్వీడన్ శాస్త్రవేత్త బ్రోనెమార్క్ 1952లో కుందేలు కాలి ఎముకలో రక్తప్రసారాన్ని చూడటానికి టైటానియం గొట్టం అమర్చాడు. పని అయ్యాక తీయబోతే రాలేదు, ఎముక దాన్ని పట్టేసుకుంది. ఆ పట్టునే తర్వాత ఆసియోఇంటిగ్రేషన్ అన్నారు. 1965లో యోస్టా లార్సన్ అనే రోగి కింది దవడలో తొలి టైటానియం ఇంప్లాంట్లు పెట్టాడు. బ్రోనెమార్క్ నియమం కఠినమైనది. స్క్రూను చిగురు కింద పూడ్చి కింది దవడకు మూడు నెలలు, పై దవడకు ఆరు నెలలు ఎలాంటి బరువూ పడకుండా వదిలేయాలి. తర్వాత మళ్లీ చిగురు కోసి పళ్లు కట్టాలి. ఆ పద్ధతి మీద 1981లో అడెల్, ఆయన సహచరులు 15 ఏళ్ల అనుభవాన్ని ప్రకటించారు: 371 మంది రోగులు, 2768 ఇంప్లాంట్లు. వీటిలో అయిదు నుంచి తొమ్మిదేళ్లు గమనించిన వర్గంలో పై దవడలో 81 శాతం, కింది దవడలో 91 శాతం ఇంప్లాంట్లు గట్టిగా నిలిచాయి. ఈ రెండు అంకెల మధ్య తేడాను గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం. అప్పటికి ఆ ఫలితాలు అద్భుతం. ఆ అద్భుతానికి కారణం నెలల తరబడి ఆగడమేనని అందరూ నమ్మారు.

ఆ నమ్మకాన్ని ప్రశ్నించినవాళ్లు ముందునుంచీ ఉన్నారు. స్విట్జర్లాండులో లెడర్మన్ 1979లోనే కింది దవడ ముందు భాగంలో నాలుగు స్క్రూలు బిగించి, వాటిని కమ్మీతో కలిపి, వెంటనే సెట్టు తగిలించాడు. అమెరికాలో ష్నిట్‌మన్ బృందం పదిమంది రోగుల్లో 63 ఇంప్లాంట్లు పెట్టింది. 28 మీద అదే రోజు పళ్లు కట్టి, మిగతా 35ను పాత పద్ధతిలో చిగురు కింద దాచింది. 1997లో పదేళ్ల ఫలితాలు చెప్పినప్పుడు దాచిన 35లో ఒక్కటీ పోలేదు. వెంటనే బరువు మోసిన 28లో నాలుగు పోయాయి, పదేళ్ల మనుగడ 84.7 శాతం. చిన్న అధ్యయనమే కానీ నిజాయితీగా చెప్పిన లెక్క. తొందరకు మూల్యం ఉందని అది చెప్పింది. ఆ మూల్యం భరించలేనంతది కాదని కూడా అదే చెప్పింది.

ఆ నాలుగూ ఎందుకు పోయాయో తెలియాలంటే మా ఊరి నిమ్మతోటకు రావాలి. కొత్తగా నాటిన నిమ్మ మొక్కకు ఊతకర్ర పాతి కడతారు. సముద్రం గాలికి మొదలు అటూ ఇటూ ఊగితే, అప్పుడే పుట్టిన సన్న వేరు మట్టిని పట్టకుండానే తెగిపోతుంది. దవడలో జరిగేదీ అదే. స్క్రూ బిగించిన రోజున అది ఎముకలో నిలిచేది మర బిగువు వల్ల. ఆ తర్వాత మొదటి వారాల్లో, బిగింపుకు నలిగిన పాత ఎముకను శరీరం కరిగించి కొత్త ఎముకను అల్లడం మొదలుపెడుతుంది. పాత బిగువు తగ్గి కొత్త పట్టు ఇంకా పూర్తిగా రాని ఆ సంధికాలం దాదాపు మూడు, నాలుగో వారాల్లో వస్తుంది. ఇంప్లాంటు అన్నిటికంటే బలహీనంగా ఉండే రోజులవి. ఆ రోజుల్లో అది ఎముకలో 100 నుంచి 150 మైక్రాన్లకు మించి కదిలితే చుట్టూ ఎముకకు బదులు మెత్తటి నార కణజాలం పెరుగుతుంది. మిల్లీమీటరులో పదో వంతు కదలిక! అంత చిన్న కదలికతో ఇంప్లాంటు ఊగే పన్ను అయిపోతుంది.

కాబట్టి ఇమ్మీడియెట్ లోడింగ్ సాధ్యమా అన్న ప్రశ్నను, ఆ కదలికను ఆపగలమా అని మార్చి అడగాలి. ఆపే దారులు మూడున్నాయి. గట్టి ఎముక ఉండాలి, కింది దవడ ముందు భాగం అందుకు మేలైన చోటు. మర బిగువు చాలినంత ఉండాలి, సాధారణంగా 35 న్యూటన్ సెంటీమీటర్ల టార్క్‌ను, అంటే తిప్పే బలాన్ని, కనీస హద్దుగా పెట్టుకుంటారు. ఇక ఒకే దవడలోని నాలుగైదు ఇంప్లాంట్లను గట్టి బ్రిడ్జితో కలిపేస్తే, పందిరి గుంజలను అడ్డవాసాలతో కట్టినట్టు, ఒకటి ఊగబోతే మిగతావి పట్టుకుంటాయి.

ఈ మూడూ కుదిరినచోట దీర్ఘకాలిక ఫలితాలు బాగున్నాయి. లిస్బన్‌లో పాలో మాలో బృందం కింది దవడ మొత్తానికి నాలుగు ఇంప్లాంట్లు, వెనక రెండూ ఏటవాలుగా వేసి, అదే రోజు పళ్లు కట్టే పద్ధతిని 2003లో ప్రకటించింది. 2011లో 245 మంది రోగుల్లో 980 ఇంప్లాంట్ల ఫలితాలు చెప్పింది. పదేళ్లకు ఇంప్లాంట్ల లెక్కన 94.8 శాతం, మనుషుల లెక్కన 93.8 శాతం విజయం. ఈ రెండు లెక్కలనూ విడిగా చదవడం రోగులు నేర్చుకోవాలి. వందలో అయిదు ఇంప్లాంట్లు పోయాయంటే చిన్న సంఖ్యలా వినపడుతుంది. నోట్లో నాలుగుంటే ఏదో ఒకటి పోయే అవకాశం అంతకంటే ఎక్కువ కదా? ఇంకో మాట, ఆ లెక్కలు రాసింది ఆ పద్ధతిని కనిపెట్టి, రోజూ అదే పని చేసే బృందం. మన ఊరి క్లినిక్కులో అదే ఫలితం రావాలంటే అంత చెయ్యి తిరిగి ఉండాలి.

పోల్చి చూసిన పరీక్షలన్నీ కలిపితే ఏం తేలింది? 2013లో కాక్రేన్ సంస్థ సమీక్షకులు 26 పరీక్షలను, 1217 మందిని, 2120 ఇంప్లాంట్లను కలిపి చూశారు. వెంటనే పెట్టినా ఆగి పెట్టినా చెప్పుకోదగ్గ తేడా కనపడలేదన్నారు. ఇంప్లాంటు క్లినిక్కుల ప్రచారంలో ఎక్కువగా వినపడేది ఈ ముక్కే. కానీ ఆ సమీక్ష చూసింది నాలుగు నెలల నుంచి ఏడాది దాకా మాత్రమే. ఏడాది లెక్కను పదేళ్ల హామీగా అమ్మడం తప్పు, ఈ మాట గట్టిగానే అంటున్నాను. 2015లో సాన్స్ సాంచెస్ బృందం పరీక్షల అంకెలను కలిపి చేసిన మెటా విశ్లేషణలో వెంటనే బరువు మోపిన ఇంప్లాంట్లు విఫలమయ్యే ప్రమాదం పాత పద్ధతికంటే 1.92 రెట్లు తేలింది. ఒంటరి పన్ను విషయంలో ఆ తేడా మరింత స్పష్టం. ఒంటరి ఇంప్లాంటుకు పక్కన పట్టుకునే తోడు లేదు. అందుకే మంచి డాక్టర్లు ముందుపన్నుకు వెంటనే తాత్కాలిక తొడుగు పెట్టినా, అది ఎదుటి పంటికి తగలకుండా కొంచెం పొట్టిగా ఉంచుతారు.

రెండు రెట్లంటే భయపడేవాళ్లకు ఒక వివరణ. పాత పద్ధతిలో విఫలమయ్యేవే తక్కువ, నూటికి రెండు మూడు. దానికి రెట్టింపు కూడా నూటికి అయిదారు దాటదు. ఈ నష్టం ఎక్కువగా మొదటి కొన్ని నెలల్లోనే జరిగిపోతుంది. ఆ గండం దాటిన ఇంప్లాంటుకు, ఆగి పళ్లు పెట్టిన ఇంప్లాంటుకు ఆ తర్వాత దారి ఒక్కటే. ఎముక తరుగుదల కూడా రెండింటిలోనూ దగ్గరదగ్గరగానే ఉంటుంది. ఇన్ని అధ్యయనాలు చదివాక నాకు స్పష్టపడింది ఇదే. పళ్లు ఎన్నో రోజున పెట్టారన్నది మొదటి ఏడాదిని నిర్ణయిస్తుంది. పదో ఏటిని నిర్ణయించేవి వేరే ఉన్నాయి.

అవేమిటో స్వీడన్ దేశపు లెక్కలు చెబుతాయి. డెర్క్స్ బృందం పేరున్న క్లినిక్కులను ఏరుకోకుండా, దేశ బీమా పథకంలో ఇంప్లాంట్లు పెట్టించుకున్న మామూలు జనాన్ని తొమ్మిదేళ్ల తర్వాత పిలిచి చూసింది. 7.6 శాతం మంది కనీసం ఒక ఇంప్లాంటు పోగొట్టుకున్నారు. అంతకంటే ఆలోచించాల్సింది, 14.5 శాతం మందికి ఇంప్లాంటు చుట్టూ ఎముకను తినేసే వాపు జబ్బు, అదీ రెండు మిల్లీమీటర్లకు మించి ఎముక పోయేంతగా ఉంది. వీళ్ల ఇంప్లాంట్లు చాలావరకు నోట్లోనే ఉన్నాయి, అందుకే లెక్కల్లో అవి బతికున్నట్టే. బతికుండటం వేరు, బాగుండటం వేరు. 1986లో ఆల్‌బ్రెక్ట్‌సన్ బృందం విజయానికి కొలత పెట్టింది: ఊగకూడదు, నొప్పి ఉండకూడదు, మొదటి ఏడాది తర్వాత ఎముక ఏటా 0.2 మిల్లీమీటరు కంటే ఎక్కువ తరగకూడదు. ఈ కొలత పట్టుకోవాలంటే ఎక్స్‌రే పక్కన పాత ఎక్స్‌రే పెట్టి చూడాలి. పాత ఎక్స్‌రే లేనివాడికి కొలతే లేదు.

తిరిగి రానివాళ్ల సంగతి కూడా ఉంది. 2019లో హౌ బృందం చేసిన సమీక్షలో పదేళ్ల మనుగడ 96.4 శాతం. పరీక్షకు తిరిగి రాకుండా పోయినవాళ్లను కూడా లెక్కలోకి తెచ్చేసరికి అది 93.2కు పడింది. పరిశోధనలు జరిగే క్లినిక్కుల్లోనే ఇంత తేడా ఉంటే, మా పక్కనున్న కోట, వాకాడు నుంచి బస్సు పట్టుకుని రావాల్సిన మనిషి రెండో ఏడాది పిలుపుకు వస్తాడా? నొప్పి లేకపోతే రాడు. ఈ జబ్బు మొదట్లో నొప్పి పుట్టదు. బ్రష్ చేస్తే చిగురు నుంచి రక్తం, కొంచెం వాసన, అంతే.

మన నెల్లూరు తీరంలో దీనికి తోడయ్యేవి ఉన్నాయి. మొదటిది షుగరు. 2023లో ప్రకటించిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 11.4 శాతం మందికి షుగరు ఉంది. షుగరు అదుపులో ఉన్నవాళ్లలో ఇంప్లాంట్లు బాగానే నిలుస్తున్నాయి. అదుపు తప్పినవాళ్లలో గాయం మానడం ఆలస్యమవుతుంది, తర్వాత చిగుళ్ల వాపు ఎక్కువ. రెండోది పొగాకు. బీడీ, చుట్ట, సిగరెట్టు తాగేవాళ్లలో ఇంప్లాంటు పోయే ప్రమాదం తాగనివాళ్లకంటే రెట్టింపుగా తేలింది. మూడోది పాత చిగుళ్ల జబ్బు. పళ్లు ఊగి రాలిపోయినవాడి నోట్లో ఇంప్లాంటు పెడితే, ఆ పళ్లను రాల్చిన సూక్ష్మజీవులే ఇంప్లాంటు మీదికీ వస్తాయి. గార తీయించకుండా, చిగుళ్లకు వైద్యం చేయకుండా అదే పూట పళ్లు పీకి అదే పూట స్క్రూలు బిగించే చోట నాకు అనుమానం.

నెల్లూరుకు సొంతమైన సంగతి ఇంకొకటుంది. మన దేశంలో ఫ్లోరోసిస్ మీద తొలి శాస్త్రీయ నివేదిక 1937లో షార్ట్, ఆయన సహచరులు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని ఈ జిల్లా నుంచే రాశారు. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో నెల్లూరు జిల్లాలోవే. ఫ్లోరైడు ఎక్కిన ఎముక ఎక్స్‌రేలో దట్టంగా కనిపిస్తుంది కానీ దాని అల్లిక ఆరోగ్యంగా ఉండదు. స్వీడన్, పోర్చుగల్ అంకెలను అలాంటి దవడకు యథాతథంగా వర్తింపజేయకూడదు. ఇక్కడి రోగుల లెక్క ఇక్కడే కట్టాలి.

ఇక టైటానియం సంగతి. లోహం అరిగిపోతుందేమోనని మా పెదనాయన భయం. ఆయనకు అర్థమయ్యేలా చెప్పాను: శ్రీహరికోటలో రాకెట్టు లేస్తే మన మిద్దె మీంచి పొగ కనపడుతుందే, ఆ పీఎస్ఎల్వీలో అధిక పీడన వాయువు నింపే సీసాలు టైటానియం మిశ్రలోహానివే. హైదరాబాదులో 1973లో పెట్టిన మిధాని ఇలాంటి లోహాలను తయారు చేస్తుంది. టైటానియం మీద గాలి తగలగానే కంటికి కనపడనంత పలచటి ఆక్సైడు పొర ఏర్పడుతుంది, ఎముక పట్టుకునేది ఆ పొరనే. బ్రోనెమార్క్ తొలి రోగి లార్సన్ 2006లో చనిపోయేదాకా నలభై ఏళ్లకు పైగా ఆయన దవడలో ఆ ఇంప్లాంట్లు పనిచేశాయి. లోహం దాదాపు ఎప్పుడూ ఓడిపోదు. దాని చుట్టూ ఉన్న ఎముక, చిగురు ఓడిపోతాయి. ఇంప్లాంటు గట్టిగా ఉన్నా పైన కట్టిన అక్రిలిక్ పళ్లు మాత్రం పగులుతుంటాయి, స్క్రూలు వదులవుతుంటాయి. ఈ మరమ్మతు ఖర్చు మొదటి రోజు ఎవరూ చెప్పరు. అడిగి చెప్పించుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక ఒకటి మిగిలింది. మన దగ్గర మూడు రోజుల పళ్లని ప్రచారం చేసేవాటిలో కొన్ని, నేను ఇంతవరకు చెప్పిన వేరు ఆకారపు స్క్రూలు కావు. దవడ అడుగునో, పక్కనో గట్టి పొరలోకి దింపే ఒంటి ముక్క బేసల్ ఇంప్లాంట్లు. ఎముక అరిగిపోయినవాళ్లకు వాటితో ఉపయోగం ఉండొచ్చు. కానీ పదేళ్ల, పదిహేనేళ్ల అంకెలన్నీ దాదాపుగా రెండు ముక్కల వేరు ఆకారపు స్క్రూల మీద కట్టినవి. ఒకదాని లెక్క చూపించి ఇంకోదాన్ని అమ్మితే మోసమే. మీ నోట్లో పెట్టేది ఏ రకమో పేరుతో సహా అడగండి.

పెదనాయన వెంట నేనూ వెళ్లాను. ముందు ఆయన షుగరు చూసి డాక్టరమ్మ మూడు నెలలు వెనక్కి పంపింది. బీడీలు మానమంది. తగ్గించాడు, ఆ తర్వాత మానేశాడు. స్కాన్ తీశాక కింది దవడ ముందు భాగంలో నాలుగు స్క్రూలు, వారం లోపు పళ్లు అనుకున్నారు. బిగించే రోజు నేను పక్కనే నిలబడ్డాను. టార్క్ రెంచి మీద చిన్న గీతలు ఉంటాయి, చివరి పాతిక మలుపు ఆ గీతలు చూస్తూ తిప్పుతారు. మొదటిది 35 దాటింది, రెండోది 40. మూడోదీ 35. ఎడమవైపు చివరిది 20 దగ్గరే తిరిగిపోయింది. ఆమె రెంచి పక్కన పెట్టి, "పెద్దాయనా, ఈ నాలుగోది నాకు నచ్చలేదు. మూడు నెలలు ఆగుదాం" అంది. చిగురు మూసి కుట్లు వేసింది. పాత సెట్టు లోపల మెత్తటి పొర వేసి ఇచ్చింది. పెదనాయన మొహం చిన్నబోయింది. ఊరంతా చెప్పుకున్నాడు మరి, మూడో రోజుకు పళ్లొస్తాయని!

ఆ పూట ఆమె చేసిన నిర్ణయమే ఈ సమీక్ష మొత్తానికి నా తీర్పు. ఇమ్మీడియెట్ లోడింగ్ నమ్మదగ్గ వైద్యమే. కింది దవడలో, కలిపి కట్టిన ఇంప్లాంట్ల మీద, చాలినంత బిగువు దొరికినప్పుడు పదేళ్లకు పైగా నిలుస్తుందని లెక్కలు ఒప్పుకుంటున్నాయి. పై దవడ వెనక మెత్తటి ఎముకలో, ఒంటరి దవడపన్నులో ఆగడమే మంచిది. అడెల్ లెక్కలో 81కి, 91కి మధ్య తేడా వచ్చింది ఆ ఎముక తేడా వల్లే. వెంటనే పెట్టాలా వద్దా అన్నది కుర్చీలో, రెంచి చూశాక తేలాల్సిన విషయం. దాన్ని ముందుగానే బోర్డు మీద తేదీ వేసి చెప్పడం నేను ఒప్పుకోను.

నెల్లూరు నారాయణ డెంటల్ కాలేజీ లాంటి బోధనాసుపత్రులను, ఈ తీరంలో ఇంప్లాంట్లు పెట్టే ప్రతి డాక్టరునూ ఒకటి కోరుతున్నాను. పెట్టిన ప్రతి ఇంప్లాంటుకు ఒక లెక్క ఉంచండి: ఏ రకం, ఏ ఎముక, ఎంత టార్క్, ఎన్నో రోజున పళ్లు, ఏటేటా ఎక్స్‌రే. పదేళ్ల తర్వాత మన జిల్లా అంకె మనకు ఉంటుంది. రోగులు చేయాల్సింది ఇంకా సులువు. ఇంప్లాంటు డబ్బా మీద రకం, బ్యాచ్ నంబరు ఉన్న స్టిక్కరు ఉంటుంది, అడిగి తెచ్చుకోండి. రేపు ఇంకో ఊళ్లో స్క్రూ వదులైతే ఏ పానా సరిపోతుందో ఆ స్టిక్కరే చెబుతుంది. రాత్రి పడుకునే ముందు బ్రిడ్జి కింద సన్న బ్రష్‌తో తోముకోండి. చిగురు నుంచి రక్తం కనపడిన వారంలోనే వెళ్లండి.

పెదనాయనకు నాలుగో నెలలో పళ్లు కట్టారు. నిమ్మకాయల పద్దు పుస్తకం వెనక అట్ట లోపల ఆ నాలుగు స్టిక్కర్లూ అంటించుకున్నాడు. వాటి కింద మొదటి ఏడాది ఎక్స్‌రే తేదీ రాసి ఉంది.